నీలం నగర్‌లో చదివి వినిపించే మనిషి

వార్షికోత్సవ సంచికకు మన సోలాపూర్ సంగతి నాలుగు మాటలు రాయమన్నారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన తాత ముత్తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చినారు. అప్పుడక్కడ నిజాం రాజ్యం, ఇక్కడ ఇంగ్లీషువాళ్ల బొంబాయి ఇలాఖా. 1877లో సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు పెట్టినారు. దాన్నే తర్వాత జూనీ మిల్లు అన్నారు. మగ్గం ఉన్నోళ్లు ఇంట్లో చీరలు నేసినారు, లేనోళ్లు మిల్లుకు పోయినారు. ఆడవాళ్లు కండెలు చుట్టినారు, బీడీలు చేసినారు.

1963లో జూనీ మిల్లు మూతబడింది. పవర్‌లూమ్‌లు పెరిగినాయి, సోలాపూర్ చాదర్ పేరు దేశమంతా పోయింది, చేతి మగ్గం మాత్రం తగ్గుతా వచ్చింది. అక్కలకోట్ రోడ్డు దిక్కు కార్ఖానాలు, వాటి వెంట మన నీలం నగర్ లాంటి కార్మికుల వాడలు పెరిగినాయి.

ఇంత కష్టంలో కూడా మనవాళ్లు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మార్కండేయ గుడి, పద్మశాలి శిక్షణ సంస్థ బడులు, మార్కండేయ సహకారి రుగ్ణాలయం నిలబెట్టుకున్నారు. సహకారం అంటే ఒక్క షావుకారు సొమ్ము కాదు, నలుగురి షేర్లు, నలుగురి మాట.

కానీ ఒక చిక్కు ఉండె. మన ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం మరాఠీ. అందుకని ప్రతి గల్లీలో చదివి చెప్పే మనిషి ఒకడు కావలసి వచ్చె. పగారు లేదు, కుర్చీ లేదు. నా లెక్కన మన సమాజానికి మొదటి నాయకుడు అతనే.

ఈ మాట నాకు ఒక ముసలమ్మ నేర్పింది. నేను కార్యదర్శి అయిన కొత్తలో నూలుకు అప్పు తెచ్చే తీర్మానం రాసి, తొందరలో చదవకుండానే వేలిముద్రలు తీసుకుంటున్నాను. ఆమె చెయ్యి వెనక్కు తీసుకొని, "అయ్యా, వేలు నాది. అందులో ఏముందో చెప్పకుండ ఎట్ల పెట్టాలె?" అన్నది. సిగ్గుపడి, తెలుగులో మొత్తం చదివినాను. అప్పుకు సభ్యులంతా పూచీ అని విన్నాక సభ లేచి అడిగింది. సగం అప్పే తెచ్చినాము. ఆ ఏడే నూలు ధర పడింది. మొత్తం తెచ్చి నూలు నింపుకొని ఉంటే మునిగేవాళ్లం.

ఇక కుంభారి సంగతి. అది పట్నానికి తూర్పున ఉన్న పల్లె. అక్కడ బీడీ కార్మిక ఆడవాళ్లు ఆడం నర్సయ్య మాస్టర్ నాయకత్వంలో గృహనిర్మాణ సహకార సంఘం పెట్టి, వార్లీ ఆదివాసుల కోసం పోరాడిన గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్నారు. కొంత కేంద్రం, కొంత రాష్ట్రం, మిగిలింది ఆ ఆడవాళ్లే కట్టినారు. పదివేల ఇండ్లు లేచినాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించినారు. తర్వాత అక్కడే రాయ్‌నగర్‌లో 30,000 ఇండ్ల పని మొదలయింది. అందులో 15,000 ఇండ్లు 2024 జనవరిలో ప్రధాని మోదీ అప్పగించినారు. పార్టీలు ఏవైనా కానీ, అంత పెద్ద పనికి గల్లీ గల్లీలో ఫారాలు నింపేవాళ్లు, రేషన్ కార్డులో పేరు ఒక తీరు, బీడీ కార్డులో ఇంకో తీరు ఉంటే సరిచేయించేవాళ్లు లేకపోతే ఒక్క ఇల్లు కూడా కాదు. నేనూ కొన్ని ఫారాలు రాసినాను. ఆ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

ఇప్పుడు సంఘాల ఎన్నికలు వస్తే కుర్చీకి పది మంది నిలబడతరు. సాయంత్రం కూర్చొని ఒక ముసలి నేతగానికి పెన్షన్ కాగితం చదివి చెప్పమంటే ఒక్కడు దొరకడు. మన పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు బాగా చదివినారు. తెలుగు మాట్లాడతరు కానీ చదవరు. చదవగలిగిన మేము ముసలివాళ్లమైతిమి.

పిల్లలకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక సాయంత్రం మీ గల్లీకి ఇవ్వండి. మరాఠీ కాగితం చదివి తెలుగులో చెప్పండి, చెప్పినాకనే సంతకం పెట్టించండి. ఈ సంచిక కూడా ఫోనులోనే వస్తుందట. ఇంట్లో చదవరాని పెద్దలుంటే పక్కన కూర్చొని ఇది చదివి వినిపించండి. మీకు తెలుగు అక్షరాలు రాకపోతే నీలం నగర్‌కు రండి, నేను నేర్పుతాను.