పుస్తకానికి ఒక చావడి



పుస్తకం కొనుక్కుని ఇంట్లో చదువుకోవడం వేరు, పదిమందిలో కూర్చుని దాన్ని వినడం వేరు. ఒంటరిగా చదివింది మన మనసులోనే వుండిపోతుంది. నలుగురిలో విన్నదాని మీద మాట పుడుతుంది. "ఇదేమిటండీ, ఆ పిల్లకు అంత అన్యాయం చేశారు?" అని రాసినవారినే నిలదీయవచ్చు. పుస్తకాల షాపులో రచయితను పిలిచి చదివించడం, పాఠకులతో మాట్లాడించడం ఇప్పుడు కొత్త ముచ్చటగా చెప్పుకుంటున్నారు. మన హైదరాబాదుకు ఇది కొత్త కాదు. నూరేళ్లు దాటిన సంగతి. అదీ సుఖంగా వచ్చింది కాదు, పట్టుబట్టి తెచ్చుకున్నది.

1901వ సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీన రెసిడెన్సీ బజారులో, అంటే మనం ఇవాళ చీరలు బేరమాడే సుల్తాన్ బజారులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో ఒక గ్రంథాలయం మొదలయింది. దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దానికి పెద్ద దిక్కు. అప్పట్లో కచేరీల్లో, కోర్టుల్లో ఉర్దూ నడిచేది. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవారు బజారులోకి వస్తే ఆ భాషకు చోటు లేదు. అందుకే భాషానిలయం బీరువాల్లో పుస్తకాలు దాచే చోటు మాత్రమే కాలేదు. తెలుగు చదివేవారు కూడుకునే ఇల్లయింది, సభలు జరిగే చావడి అయింది. 1906లో అదే మిత్రులు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర, శాస్త్రం పుస్తకాలు అచ్చు వేయించారు. మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. బానిసల సంకెళ్లు తెంచినవాని కథను ముందుగా ఎంచుకోవడంలోనే వారి మనసు తెలుస్తుంది.

ఆ చోటుకు ఒక విశేషం వున్నది. రెసిడెన్సీ బజారు బ్రిటిష్ రెసిడెంటు పాలనలో వుండేది. 1933లో గాని అది నిజాం ప్రభుత్వం చేతికి తిరిగి రాలేదు. నిజాం సర్కారు ఉత్తర్వులు అక్కడ నేరుగా చెల్లేవి కావు. బయట మాత్రం గస్తీ 53 అని ఒక ఉత్తర్వు వుండేది. సభ జరుపుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి తెచ్చుకోవాలి. నలుగురు కూర్చుని ఒక మంచి మాట వినాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలన్నమాట! మనకు ఇవాళ నవ్వు వస్తుంది గాని ఆనాటివారికి అది ఊపిరాడని సంగతి.

1921 నవంబరు 12వ తేదీన వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. అల్లంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి మాట సాగనివ్వలేదు. ఆ రాత్రే తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తరువాత వచ్చిన ఆంధ్ర మహాసభకు బీజం అదే. ఒక్కరిని తమ భాషలో మాట్లాడనివ్వకపోతే ఎంత దూరం వచ్చిందో చూశారా!

మరి ఇందులో ఆడవారెక్కడ అని మీరు అడగవచ్చు. వున్నారండీ. లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబ ఇంట్లోనే చదువు నేర్చుకుని 1902లో 'ధనత్రయోదశి' కథ రాసింది. మాడపాటి హనుమంతరావుగారి పూనికతో 1928లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి వెలిసింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దాని పక్కనే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. గడప దాటడమే గొప్పగా వున్న రోజుల్లో వేదిక ఎక్కి మాట్లాడడం సామాన్యమా?

ఇక నాకు ఎంతో ఇష్టమైన మనిషి గురించి చెబుతాను. వట్టికోట ఆళ్వారుస్వామిగారు. నల్గొండ జిల్లాలో 1915లో పుట్టారు. ఇతరుల ఇంట్లో వంట చేశారు, హోటల్లో పని చేశారు, పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దారు. 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ముప్పయికి పైగా పుస్తకాలు వేశారు. ఆ ఏడే కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు దానికి పెట్టుకున్నారు. వేసి కొట్లో కూర్చోలేదు. పుస్తకాల మూట మోసుకుని వూరూరా తిరిగి అమ్మారు. జైలు కూడా చూశారు. దాశరథిగారు తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేనప్పుడు పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్నది ఆయన చేసి చూపించిన పాఠం.

అనుమతులు అడగనక్కరలేని రోజులు వచ్చాక సభలకు కళ వచ్చింది. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, 1953లో అలంపురంలో సభలు జరిపితే కాళోజీగారి 'నా గొడవ'ను శ్రీశ్రీగారు ఆవిష్కరించారు. అంత పెద్ద కవులను చూడడానికి, వినడానికి జనం నగరానికి రానక్కర లేకపోయింది. సభే అంత దూరం వెళ్లింది.

ఇప్పుడు మన సంగతి. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చాక మా కాప్రా చుట్టుపక్కల కాలనీలు పెరిగాయి. 2007లో కాప్రా మునిసిపాలిటీ మహానగరంలో కలిసిపోయింది. ఫ్యాక్టరీని నిలబెట్టిన శాస్త్రవేత్త ఏ.ఎస్.రావుగారి పేరు ఒక నగర్‌కు వున్నది. బట్టల దుకాణాలు, మిఠాయి దుకాణాలు కోకొల్లలు. సాహిత్య సభ అంటే మాత్రం కోఠీకో, అబిడ్సుకో, బంజారాహిల్సుకో పోవాలి. కోఠీయే ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. సభలేమో సాయంత్రం ఆరింటికి మొదలవుతాయి. ఆ వేళకు పిల్లల ట్యూషను, పెద్దవారి మందులు, పొయ్యి మీద కూర. ఏ గస్తీ లేకపోయినా ఆడవారికి అనుమతి దొరకనట్లే కదా! "మీకు సాహిత్యం మీద ఆసక్తి లేదండీ" అని తేలిగ్గా అనేవారు ఈ గంటల లెక్క ఒకసారి వేసి చూడాలి.

అందుకని నా మనవి ఒకటే. పుస్తకాల షాపు నడిపేవారు, సభలు చేసేవారు నెలకొక సభ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల పెట్టాలి. అదీ మన కాలనీల్లోనే పెట్టాలి. హాలు లేకపోతే కమ్యూనిటీ హాలు చాలు, అదీ దొరక్కపోతే ఎవరింటి వరండా అయినా చాలు. భాషానిలయం పుట్టింది ఒకరి ఇంట్లోనే గదా! మనం కూడా వూరికే వెళ్లి కాఫీ తాగి రాకుండా తలా ఒక పుస్తకం కొనాలి. కొనేవారుంటేనే అమ్మేవాడు నిలుస్తాడు. అమ్మేవాడు నిలిస్తేనే రచయిత వస్తాడు.

వెనుకటివారు సభ పెట్టుకునే హక్కు కోసం పాటుపడ్డారు. హక్కు మన చేతికి వచ్చింది. ఇక కావలసింది నాలుగు కుర్చీలు, రెండు గంటల తీరిక. ఆ తీరిక ఇంట్లోవారు ఇస్తారని కూర్చోక, మనమే అడిగి తీసుకుందాం.

సెలవు.