అమ్మమ్మ వైపు పద్దు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా నా ఉద్యోగమంతా గడిచింది. రైతు పేరు, దిమ్మల లెక్క, తూకం, ధర, కూలి, ముందు వాడుకున్న బాకీ, ఇవన్నీ చిట్టాలోంచి ఆవర్జాలోకి ఎక్కించడమే పని. అందుకే 18వ శతాబ్దపు డచ్చి ఈస్టిండియా కంపెనీ జీతాల పుస్తకాన్ని మొదటిసారి కంప్యూటర్లో చూసినప్పుడు భాష రాకపోయినా లెక్క అర్థమైంది. మన పాత పద్ధతిలో జమ ఎడమవైపు, ఖర్చు కుడివైపు. వాళ్ళది అటుదిటు. ఎడమ పేజీలో మనిషి కంపెనీకి పడ్డ బాకీ, కుడి పేజీలో అతనికి రావలసిన జీతం. ఓడ ఎక్కే ముందు తీసుకున్న రెండు నెలల అడ్వాన్సు, సామాను పెట్టె ఖరీదు, ఇంటి దగ్గరున్న భార్యకో తల్లికో ఏటా మూడు నెలల జీతం దాకా ఇప్పించే కాగితం, రేవులో తిండిపెట్టిన పూటకూళ్ళ ఇంటివాడికి రాసిచ్చిన అప్పు పత్రం. చివర్న అతని కథ ఎక్కడ, ఏ తేదీన, ఎలా ముగిసిందో ఒక ముక్క.

మా అమ్మమ్మది భీమిలి. "మా తాతకి తాత ఒలందా ఓడ దిగినోడురా నాయనా" అని చెప్పేది. ఒలందా అంటే డచ్చి. చిన్నప్పుడు అది కథగానే విన్నాను. ఆవిడ పోయాక, ఆ ఓడేది, ఆ మనిషెవరు అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఇదే నా వ్యాపకం.

డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1602లో. కొద్ది ఏళ్ళకే మచిలీపట్నంలో కొట్లు పెట్టింది. అక్కడి వలందపాలెం పేరు ఆనాటిదే. 1610లో పులికాట్ వచ్చింది. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్క జగన్నాథపురం, లోపలికి ఖమ్మం దగ్గర నాగులవంచ దాకా పాకింది. గోస్తని నది సముద్రంలో కలిసేచోట భీమిలి, అంటే భీమునిపట్నం. ఇక్కణ్ణుంచి బట్టా బియ్యమూ ఓడలకెక్కేవి. 1781లో ఇంగ్లీషువాళ్ళు ఊరు పట్టుకున్నారు, తిరిగిచ్చారు. 1795లో మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ తిరిగిచ్చారు. చివరికి 1824 లండన్ ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి పూర్తిగా ఇంగ్లీషువాళ్ళ పరమైంది. జెండా మారింది గాని కుటుంబాలు ఎక్కడికీ పోలేదు.

పోలేకపోయాయి అనడం సరైన మాట. కంపెనీ ఉద్యోగి ఇక్కడి స్త్రీని పెళ్ళాడాలంటే ఆమె బాప్తిస్మం పుచ్చుకోవాలి. పెళ్ళయ్యాక ఆమెనూ పిల్లలనూ ఐరోపాకు తీసుకెళ్ళడానికి వీల్లేదని కంపెనీ 17వ శతాబ్దంలోనే కట్టడి చేసింది. కాబట్టి సంసారం ఉన్నవాడు ఈ తీరంలోనే ఉండిపోవాలి, లేదా వాళ్ళను వదిలి వెళ్ళాలి. ఉండిపోయినవాళ్ళ సంతానం ఇంగ్లీషువాళ్ళ కాలంలో మిగతా యూరేషియన్లలో కలిసిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం, తర్వాత మన రాజ్యాంగం 366వ అధికరణ, తండ్రి వైపు ఐరోపా మూలం ఉన్నవాళ్ళనే ఆంగ్లో ఇండియన్లన్నాయి. డచ్చివాడి మనవడు కాగితం మీద ఆంగ్లో ఇండియన్ అయ్యాడు. మా అమ్మమ్మలా కూతుళ్ళ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఆ కాగితానికి కూడా అందలేదు.

డచ్చి వైపు రికార్డుకు మాత్రం లోటు లేదు. 1602 నుంచి 1795 మధ్య కంపెనీ ఓడల్లో ఐరోపా నుంచి తూర్పుకు బయల్దేరినవాళ్ళు సుమారు 10 లక్షల మంది. తిరిగి ఇల్లు చేరినవాళ్ళు అందులో సగం కూడా లేరు. 1699 తర్వాతి జీతాల పుస్తకాలు హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, పుట్టిన ఊరు, ఓడ, ఉద్యోగం ఇస్తే వెతకొచ్చు. చిక్కల్లా పేర్లతోనే. మనకు ఇంటిపేరు పుట్టుకతోనే వస్తుంది. అక్కడ సామాన్యుల్లో చాలామందికి 1811లో నెపోలియన్ ప్రభుత్వం నమోదు చేయించేదాకా స్థిరమైన ఇంటిపేరే లేదు, తండ్రి పేరే చివర తగిలించుకునేవారు. యాన్ కొడుకు యాన్సన్, పీటర్ కొడుకు పీటర్సన్. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు. మా రైతుల పేర్లు నేనూ అలాగే రాశాను కాబట్టి ఎన్ని రకాలుగా మారొచ్చో నాకు తెలుసు.

అమ్మమ్మ వైపు ఇంటిపేరుకు దగ్గర పేరుతో, డచ్చివాళ్ళు కోరమాండల్ అన్న ఈ తీరంలో చనిపోయిన సైనికుడొకడు దొరికాడు. పుట్టింది జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో. కంపెనీ సైనికుల్లో చాలామంది అసలు హాలెండువాళ్ళే కాదు, పని కోసం ఆమ్‌స్టర్‌డామ్ చేరిన జర్మన్లు, స్కాండినేవియన్లు. ఆ ఊరి పేరు చదివాక ఒలందా దొర అన్న ఊహ కరిగిపోయి, అప్పు చేసి ఓడెక్కిన పేద కుర్రాడు కనిపించాడు. నాకు అతనే ఎక్కువ దగ్గరయ్యాడు.

భీమిలిలోని హాలండర్స్ గ్రీన్ శ్మశానానికి అనకాపల్లి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. శిఖరాల్లా లేచిన ఇటుక సమాధులు ఉప్పుగాలికి పెచ్చులూడుతున్నాయి. కంపెనీ ఉద్యోగి డానియల్ హావర్ట్ ఈ తీరంలో తన కాలపు సమాధుల రాతలు ఎత్తి రాసి, 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకం వేశాడు. 1897లో పురావస్తువేత్త అలెగ్జాండర్ రే మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాలపై బొమ్మలతో మరో పుస్తకం తెచ్చాడు. ఆ రేనే పదేళ్ళ తర్వాత మా ఊరి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ బౌద్ధ స్థలాన్ని తవ్వించాడు. కొండ ఎక్కేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. మా ప్రాంతపు బౌద్ధ గతాన్నీ డచ్చి గతాన్నీ కాగితానికెక్కించినవాడు ఒక్కడే.

కాని సమాధి మీద పేరు ఎవరికి దక్కింది? పెద్ద ఉద్యోగికి, అతని భార్యకు. సైనికుడికి రాయి లేదు, లెడ్జరు ఉంది. అతన్ని పెళ్ళాడిన తెలుగామెకు ఆ రెండూ లేవు. పద్దు పుట్టేది డబ్బు చేతులు మారినచోటే. జీతం లేని మనిషికి ఖాతా తెరవరు. బాప్తిస్మంలో ఇచ్చిన మరియా, కాథరీనా వంటి పేరు మిగులుతుంది. పుట్టినప్పటి పేరూ, ఊరూ, తండ్రీ కొట్టుకుపోతాయి. ఈ తీరం నుంచి బానిసలుగా కేప్‌టౌన్ చేరినవాళ్ళకైతే 'ఫాన్ కోరమాండల్' అని తీరం పేరే ఇంటిపేరైంది. దక్షిణాఫ్రికాలో తమ వంశం వెతుక్కునే తెల్లవాళ్ళు కొందరు అలాంటి పేరు దగ్గరే ఆగి, మన వైపు చూస్తున్నారు.

ఆమె జాడ దొరికితే రెండు చోట్లే దొరకాలి. ఒకటి వీలునామాలు. రెండోది అనాథ పిల్లల ఆస్తి చూసిన వేస్‌కామర్ అనే సభల కాగితాలు. అక్కడ డబ్బు ఆమె చేతికో పిల్లల చేతికో వస్తుంది కాబట్టి గుమస్తా ఆమె పేరు రాయక తప్పదు. 1825 తర్వాతి తరాల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ మద్రాసు రిజిస్టర్లలో ఉంటాయి. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు సుమారు 50 లక్షల పేజీల కంపెనీ చేతిరాతను కంప్యూటర్‌తో చదివించి వెతికే వీలు కల్పిస్తోంది. భీమునిపట్నాన్ని డచ్చి గుమస్తాలు రాసిన రకరకాల స్పెల్లింగులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. మేనకోడలు ఒక్కొక్కటే కొట్టి చూస్తుంది, నేను పక్కన కూర్చుని వీలునామా అనిపించిన పేజీల్లో ఆడపేర్లు ఏరుతున్నాను.