చిటికి నేతలో రూపకల్పన

నూలును నేయకముందే అక్కడక్కడ కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ నూలుతోనే గుడ్డ మీద బొమ్మ తేల్చే విద్య చిటికి. ఇక్కత్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. మలయ్ భాషలో కట్టడం అనే అర్థమున్న మాట అది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం దీనికి పేరుపడ్డ ఊళ్లు. కలంకారీలో గుడ్డ తయారయ్యాక బొమ్మ దిగుతుంది. చిటికిలో బొమ్మ పోగుల్లో కూర్చున్నాకే గుడ్డ పుడుతుంది. కాబట్టి ఇక్కడ డిజైన్ వేసేవారికి చేతిలో గీత ఎంత ఉండాలో, పోగుల లెక్క అంత ఉండాలి.

ఊహ మొదట గ్రాఫు కాగితం మీదికి వస్తుంది. ఒక గడి అంటే కొన్ని పోగుల జట్టు. గుండ్రటి గీతేదైనా గడుల్లో మెట్లుమెట్లుగా మారుతుంది. ఏనుగు తొండం వంపు తిరగాలంటే గడులు చిన్నవి కావాలి. గడి చిన్నదైతే కట్లు పెరుగుతాయి, పని రోజులు పెరుగుతాయి. పోగుల్ని మడిచి పేర్చి ఒకే కట్టుతో చాలా పొరలు కట్టగలరు కనుక, రెండువైపులా ఒకేలా ఉండే బొమ్మ, మళ్లీమళ్లీ వచ్చే బొమ్మ కలిసివస్తాయి. చిటికి చీరల్లో చౌకాలు, వజ్రపు ఆకారాలు అంతగా కనిపించడానికి అభిరుచితో పాటు ఈ లెక్క కూడా కారణం.

అడ్డంగా నేసే పేక నూలును ఆసు మీద, అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ పోస్తారు. పోగుల మీద గుర్తులు గీసి, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీలు బిగిస్తారు. ఒక చీరకు ఆసు పోయడానికి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారుచేశారు; 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం భుజాలకు ఇచ్చిన ఊరటే పెద్ద మాట. దానితో పాటు, గంటల పని తగ్గిన ఇంట్లో కొత్త నమూనా ఒకటి పోసి చూసే తీరిక కూడా దొరుకుతుంది.

రంగుల వరుసను గీసేటప్పుడే తేల్చుకోవాలి. లేత రంగు ముందు, ముదురు తరువాత. పసుపులో ముంచిన నూలు మీద ఎరుపు పడితే నారింజ వైపు తిరుగుతుంది, నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది. పసుపు పసుపుగానే నిలవాల్సిన చోట మధ్యలో మళ్లీ కట్టు కట్టాలి. కట్టు అంచు కిందికి రంగు నీళ్లు కొద్దిగా పాకుతాయి, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే బొమ్మ అంచు మసగ్గా ఈకలా కనిపిస్తుంది. దాన్ని లోపమనుకుని అచ్చువేసినట్టు పదును కోరేవారు ఈ నేత అందాన్నే వదులుకుంటున్నారు.

అసలు పరీక్ష నిలువు పోగులైన పడుగూ, అడ్డపోగులైన పేకా కలిసే చోట. ఎరుపు పేక తెల్ల పడుగు మీద వెలిసినట్టు కనబడుతుంది, నల్ల పడుగు మీద ముదురుతుంది. ఒకే పేకను నాలుగు రంగుల పడుగు పట్టీల మీద బెత్తెడు నేసి చూస్తే, కాగితం మీది రంగు గుడ్డలో ఏమవుతుందో తెలుస్తుంది. పడుగూ పేకా రెండూ చిటికి కట్టిన గుడ్డలో ఎరుపు మీద ఎరుపు పడిన చోట నిండు రంగు, ఎరుపూ తెలుపూ కలిసిన చోట మధ్యరకం ఛాయ వస్తాయి. రెండు రంగులతో మూడో ఛాయ రాబట్టే ఈ ఉపాయం రెండువైపుల చిటికికి పెద్ద బలం. నూలు మారినా ఫలితం మారుతుంది. పత్తికి వ్యాట్ రంగులు, పట్టుకు ఆమ్ల రంగులు వాడతారు. సన్నని పట్టు పోగులో అదే గీత మరింత తేటగా పలుకుతుంది.

నూలు మీద చేసిన ప్రయోగానికి గొప్ప ఉదాహరణ తేలియా రుమాలు. చీరాలలో పేరుపొందిన ఈ రెండువైపుల చిటికి గుడ్డలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతయ్యేవి. నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసికిన నూలు అలిజరిన్ ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఆ మూడు రంగుల చతురస్రంలోనే సింహం, ఏనుగు పక్కన గడియారమూ విమానమూ చేరాయి. ఈ రుమాలు నేతను కొనసాగిస్తున్న పుట్టపాకకు చెందిన నేతకారుడు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ లభించింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె పెట్టిన నూలు వాసన కొత్త రుమాలులో ఇప్పటికీ తెలుస్తుంది.