క్యాన్సర్ ఇమ్యూనోథెరపీ: కంటి దుష్ప్రభావాలు

క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపకుండా, దాని మీదికి వెళ్లకుండా రోగనిరోధక టీ కణాలను ఆపుతున్న కళ్లెం తీసేసే మందులు ఇమ్యూనోథెరపీలో ముఖ్యమైనవి. ఈ రకం మందుల్లో అమెరికాలో ఇపిలిముమాబ్‌కు 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు 2014లో అనుమతి వచ్చింది. ఈ కళ్లెం మీద చేసిన పరిశోధనకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ అందుకున్నారు. కళ్లెం ఊడిన టీ కణాలు సొంత అవయవాల మీద కూడా పడతాయి. చర్మం, పేగులు, థైరాయిడ్‌తో పోలిస్తే కంటికి ముప్పు తక్కువే, సుమారు నూటికి ఒకరికి.

ఎక్కువగా కనిపించేవి పొడికళ్లు, యువియైటిస్ అనే కంటి మధ్యపొర వాపు. యువియైటిస్‌ను కండ్లకలక అనుకోవడం మామూలు. కండ్లకలకలో తరచూ పుసులు కట్టి రెప్పలు అతుక్కుంటాయి. యువియైటిస్‌లో పుసి ఉండదు. కన్ను ఎర్రబడి, వెలుతురు చూస్తే నొప్పి పుట్టి, చూపు మసకబారుతుంది. పెద్దవాళ్లయితే ఆ మసకను శుక్లం ఖాతాలో వేసేస్తారు.

చూడ్డానికి చిన్నదిగా ఉండి అన్నిటికన్నా భయపడాల్సింది రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనిపించడం. అది మయస్తీనియా అనే కండరాల బలహీనత జబ్బు కావచ్చు. దాంతోపాటు గుండె కండరం వాచే ప్రమాదమూ ఉంది. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కించుకుని పెద్దాపురం లాంటి ఊరికి తిరిగొచ్చిన మనిషికి కన్ను ఎర్రబడేది ఇంటి దగ్గరే. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొనేసుకోవడం తగదు. హెర్పిస్ లాంటి ఇన్‌ఫెక్షన్ అయితే అవి కన్ను పాడుచేస్తాయి. స్లిట్ ల్యాంప్ కింద చూశాకే, అవసరమైతే అవే చుక్కలు డాక్టరు రాస్తారు. తీవ్రమైతే ఇమ్యూనోథెరపీ ఆపి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు.

మొండి యువియైటిస్‌కు వాడే మెథోట్రెక్సేట్ వెనుక గోదావరి మనిషి ఉన్నాడు: 1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ పరిశోధన బృందం తయారుచేసిన మందిది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లకు 20 మి.గ్రా. నివోలుమాబ్‌తో కలిపి ఇచ్చిన మాత్రల్లోనూ ఇది ఉంది. నివోలుమాబ్ చిన్న డోసు ఖర్చు తగ్గించింది. అంతమాత్రాన కంటి మీద నిఘా అక్కర్లేదని కాదు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాన్సర్ ఫైలు ఇంట్లో వదలకండి. మందు పేరు, చివరి డోసు తేదీ చెప్పండి. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఈ సమస్యలు రావచ్చు.