వక్కతోటల మధ్య నాటకశాల

మా వూళ్ళో ఒక నాటకాల హాలు వుండేది. వుండేది అంటే, గోడలూ కప్పూ ఇప్పటికీ వున్నాయి. నాటకాలే లేవు.

మా నాన్నగారూ, బడిపంతులుగారూ, మరో నలుగురూ చందాలు పోగుచేసి కట్టించారు దాన్ని. ప్రారంభోత్సవానికి పట్నం నుంచి కంట్రాక్టు నాటకం తెప్పించారు. తెల్లవార్లూ పద్యాలూ, వన్స్‌మోర్లూ! మా అమ్మ రెండు గంగాళాల పులిహోర కలిపి పంపింది. చుట్టుపక్కల వూళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారు. ఆ సంబరం నాలుగేళ్ళు నిలవలేదు. ముందు పండగలకి మాత్రమే తాళం తీశారు. తర్వాత పెళ్ళివాళ్ళకి విడిది ఇచ్చారు. చివరికి ఎరువుల బస్తాలు వేశారు. "ఇదేమిటి నాన్నా?" అంటే, "వూళ్ళో కళాభిమానం లేదమ్మా" అని నిట్టూర్చేవారు. ఆయన పోయాక కూడా నేను ఆ మాటే నమ్ముతూ వచ్చాను. కళాభిమానం అనేది వానలాగా కొన్ని వూళ్ళమీద పడుతుందీ, కొన్నిటిమీద పడదూ అనుకున్నాను.

ఆ నమ్మకం కాస్తా హెగ్గోడులో చెడింది.

మేం బయల్దేరింది జోగ్ జలపాతం చూడాలని. అదీ మండు వేసవిలో! శరావతి నాలుగు పాయలూ నాలుగు దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. "దీనికోసమా నన్నింత దూరం తీసుకొచ్చావు" అన్నట్టు మావారు నావైపు చూస్తున్నారు. తిరుగుదారిలో సాగర దగ్గర పడుతుండగా మా డ్రైవరుకి జాలేసినట్టుంది. "ఇక్కడికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లలో ఓ పల్లెటూళ్ళో నాటకాల బడి వుందండీ, చూస్తారా?" అన్నాడు.

హెగ్గోడు కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో వుంది. మన వూళ్ళలాగా వీధులు తీరివుంటాయేమో అనుకుంటే పొరపాటు. అది మలెనాడు. ఎర్రమట్టి, వక్కతోటలు, తోటకొకటిగా విసిరేసినట్టు పెంకుటిళ్ళు. వాన పట్టుకుందంటే నెలల తరబడి వదలదు. అలాంటి చోట చెట్ల మధ్యనుంచి ఒక నాటకశాల కనిపించింది. లోపల పదిమంది కుర్రాళ్ళూ, అమ్మాయిలూ గొంతు సవరించుకుంటున్నారు.

బయట చిన్న దుకాణంలో టీ తాగాం. టీ పోసిన ఆవిడకి నా వయసే వుంటుంది. ఆ యేడు చూసిన నాటకం గురించి డ్రైవరుతో కన్నడంలో గడగడా చెబుతోంది. ఆటలో రాజు బాగానే చేశాడుట గానీ, మంత్రి మాటలు వెనక బెంచీలదాకా వినపడలేదుట. నావైపు తిరిగి ఒకటి అడిగింది. డ్రైవరు తెలుగు చేసి చెప్పాడు. "మీ వూళ్ళో నాటకాలు యే నెలలో వేస్తారు?" అని.

వేస్తారా అని కాదు, యే నెలలో అని! నేను టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నాను.

ఇంటికొచ్చాక ఆ వూరి సంగతంతా చదివాను. 1949లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకి, హెగ్గోడు చుట్టుపక్కల కుర్రాళ్ళు కొందరు చేరి తమ దేవుడి పేరుమీద 'శ్రీ నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘ' అని పెట్టుకున్నారు. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు! పొడి అక్షరాలు కలిపి 'నీనాసం' అయింది. ఆ కుర్రాళ్ళలో కె.వి. సుబ్బణ్ణ ఒకరు. ఆయనకప్పుడు పదిహేడేళ్ళు. వక్కతోటల రైతుబిడ్డ. తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో చదువుకున్నారు. చదువైన వాళ్ళు పట్నంలో వుద్యోగం చూసుకోవడం లోకమర్యాద కదా, ఆయన మాత్రం సూటిగా వూరికి తిరిగివచ్చి తోట చూసుకుంటూ నాటకాలు వేయించారు.

సుబ్బణ్ణకి ఇరవయ్యేళ్ళైనా నిండకముందే ఆ తాలూకా ఒకసారి అట్టుడికింది. 1951లో కాగోడు అనే వూళ్ళో కౌలురైతులు భూస్వాములకి ఎదురుతిరిగారు. తగువు మొదలైంది కొలత దగ్గర. కౌలుగింజలు కొలిచే కొలగ దొరలు పెద్దది పెట్టారని రైతుల ఫిర్యాదు. మన కుంచం తగాదాల్లాంటిదే. రామమనోహర్ లోహియా వచ్చి అరెస్టయ్యారు. ఆ లోహియా ఆలోచనల ప్రభావం సుబ్బణ్ణమీద చివరిదాకా వుంది. గింజల కొలతలో మోసం జరుగుతున్నప్పుడు కళ పంపకం మాత్రం సమంగా ఎందుకుంటుందీ, మంచి నాటకం, మంచి సినిమా, మంచి పుస్తకం పట్నంవాళ్ళ సొత్తెందుకవాలీ అన్నది ఆయన పట్టుదలకి మూలమని నాకనిపిస్తుంది. నీనాసం పక్కనే ఆయన 'అక్షర ప్రకాశన' అని పుస్తకాల ప్రచురణ కూడా పెట్టారు. అదీ ఆ పల్లెనుంచే.

1970ల మొదట్లో పక్కా నాటకశాల వచ్చింది. దానికి శివరామ కారంత్ గారి పేరు పెట్టారు. నవలలు రాసిన కారంతే. యక్షగానానికి కూడా ఎంతో చేశారాయన. నాటకశాల కట్టడందాకా మా నాన్నగారూ చేశారు. ఇద్దరికీ దారులు వేరైంది ఆ తర్వాతే.

1973లో నీనాసంవాళ్ళు ఫిల్మ్ సొసైటీ పెట్టారు. పల్లెటూళ్ళో ఫిల్మ్ సొసైటీ ఏమిటని నవ్వుకునే వుంటారు చాలామంది. పూనాలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి అప్పట్లో పి.కె. నాయర్ అధిపతి. ఆయన చలవతో అక్కడి డబ్బాలు ఈ వక్కతోటలకి ప్రయాణం కట్టాయి. ఇటలీవాళ్ళ 'బైసికిల్ థీవ్స్', జపానువాళ్ళ 'రషోమన్', సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి', ఇవన్నీ తోటపనివాళ్ళూ, బడిపిల్లలూ, ముసలమ్మలూ కూచుని చూశారు. భాష రాకపోతేనేం? సైకిలు పోతే కూలి పోతుందన్న బాధ హెగ్గోడులో ఎవరికి వివరించి చెప్పాలి? పట్నంలో చదువుకున్న మనమే అందులో 'టెక్నిక్' వెతుక్కుంటాం. 2012లో నాయర్ గారిమీద తీసిన 'సెల్యులాయిడ్ మ్యాన్' అనే డాక్యుమెంటరీలో హెగ్గోడు మనుషులు ఆ సినిమాలని తలుచుకోవడం చూడొచ్చు. ఎప్పుడో చూసిన పెళ్ళిముచ్చట చెప్పుకున్నట్టు చెబుతారు.

సినిమా వేసి వూరుకోలేదు సుబ్బణ్ణ. సినిమాని ఎలా చూడాలో కన్నడంలో పుస్తకాలు తెచ్చారు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే సతీష్ బహదూర్ గారిని రప్పించి తరగతులు పెట్టించారు. రైతులకి తరగతులు! ఆ తరగతులే పెరిగి, తర్వాత్తర్వాత యేటా అక్టోబరులో జరిగే సంస్కృతి శిబిరమయ్యాయి. ఎక్కడెక్కడి రచయితలో ఆ పల్లెకి వచ్చి కూచునేవారు.

మా నాన్నగారు నటుల్ని తెచ్చారు. సుబ్బణ్ణ ప్రేక్షకుల్ని తయారుచేశారు. తేడా అంతా అక్కడే వుంది. మా వూళ్ళో వేషం కట్టేవాళ్ళు పదిమందీ, వాళ్ళని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు వూరంతానూ. ఆ పదిమందిలో ఇద్దరు తగువులాడుకున్నా, ఒకరికి ట్రాన్స్‌ఫరైనా నాటకం ఆగిపోయింది. ఆపితే అడిగేవాళ్ళెవరు? మన నాటక పరిషత్తుల్ని తక్కువ చెయ్యడం నా వుద్దేశం కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటినుంచీ ఎంతమంది మంచి నటులు ఆ పోటీల్లోంచి వచ్చారో లెక్కలేదు. కానీ పోటీ నాటకం చూపు ఎప్పుడూ న్యాయనిర్ణేతలు కూచున్న ముందు వరుసమీదే వుంటుంది. వెనక బెంచీలో టీ కొట్టు ఆవిడకి మంత్రిగారి మాట వినపడిందో లేదో ఎవరికి పట్టింది?

ఇంక డబ్బు సంగతి. ఆడవాళ్ళం గనక నేను మొదట వెతికింది అదే. 1980లో నీనాసం నాటక శిక్షణాలయం మొదలైంది. కర్ణాటకలోని మారుమూల వూళ్ళ పిల్లలు యేడాదిపాటు అక్కడే వుండి, నటనతోపాటు దీపాలు పెట్టడం, రంగాలు కట్టడం, దుస్తులు కుట్టడం కూడా నేర్చుకునే బడి అది. ప్రభుత్వం గ్రాంట్లు కొంత ఆదుకున్నాయి. 1983 నుంచి 85 దాకా ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో 'జనస్పందన' అనే పేరుమీద పల్లెపల్లెకీ నాటక శిబిరాలూ, సినిమా తరగతులూ తీసుకెళ్ళారు.

సిద్దీలతో నాటకం వేయించింది అప్పుడే. ఎప్పుడో ఆఫ్రికానుంచి తెచ్చిన మనుషుల సంతతి, ఉత్తర కన్నడ అడవుల్లో కూలినాలి చేసుకు బతికేవాళ్ళు సిద్దీలు. నైజీరియా రచయిత చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ని కన్నడంలో నాటకంగా మలిచి, చిదంబరరావు జంబె దర్శకత్వంలో వాళ్ళచేత ఆడించారు. తరతరాలుగా ఇక్కడి మట్టిలో పెరిగినవాళ్ళు, ఎన్నడూ చూడని పూర్వుల దేశం కథని కన్నడంలో పలికారు. నేను చదివినదాంట్లో నన్ను లేచి కూచునేట్టు చేసిన ఘట్టం ఇదీ.

పరాయి డబ్బుతో నడిచే పథకాలకి ముగిసే తేదీ ముందే రాసి వుంటుంది. జనస్పందన కూడా ముగిసింది. మామూలుగా అయితే అక్కడితో బోర్డు పీకేస్తారు. వీళ్ళు మాత్రం అదే 1985లో 'తిరుగాట' మొదలుపెట్టారు. పేరు మనకీ తెలిసేదే, తిరగడం అన్నమాట. శిక్షణ అయిన పిల్లలు పదిహేను ఇరవైమంది ఒక జట్టు. వానలు పడే రోజుల్లో హెగ్గోడులో కూచుని నాటకాలు తయారుచేస్తారు. వానలు వెనకపట్టాక తెరలూ దీపాలూ మూటకట్టుకుని కర్ణాటకమంతా తిరుగుతారు. యేడాదికి వందకి పైగా ఆటలు. పిలిచిన వూరు ఆటకింత అని ఇస్తుంది. ఒక యేడు షేక్స్‌పియరూ, ఒక యేడు కాళిదాసూ, మరో యేడు బ్రెహ్ట్, వాటి పక్కన తమ కన్నడ నాటకం. వాన పంచాంగాన్ని బట్టి నాటకాల పంచాంగం వేసుకున్నారు చూడండి, రైతు బుద్ధి అంటే అదీ. టీ కొట్టు ఆవిడ నన్ను నెల అడగడంలో వింతేముంది?

1991లో సుబ్బణ్ణకి మెగసెసే అవార్డు వచ్చింది. 2005లో ఆయన పోయారు. కొడుకు అక్షర ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో, ఆ పైన ఇంగ్లండులో లీడ్స్‌లో చదివికూడా హెగ్గోడుకే తిరిగొచ్చి, ఆ పని అందుకున్నారు. తండ్రి వేసిన దారి అలవాటైపోయింది కాబోలు. ప్రసన్న అనే మరో దర్శకులు అదే వూళ్ళో 'చరక' అని ఆడవాళ్ళ సహకార సంఘం పెట్టి చేనేత బట్టలు నేయించారు.

అక్షరకి ముందు కూడా నీనాసానికి పెద్ద దిక్కు ఒకరుండేవారు. బి.వి. కారంత్. చిన్నతనంలో ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణ కంపెనీలో చేరిన మనిషి. ఆ కారంత్‌కీ మనకీ బంధుత్వం వుంది. 1990లలో ఆయన మన సురభి వాళ్ళదగ్గరికొచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలు చేయించారు. మూడోది బ్రెహ్ట్ నాటకమే, తెలుగు చీర కట్టుకుని వచ్చింది. 1885 నుంచీ ఇంటిల్లిపాదీ నటిస్తూ, పెళ్ళాంబిడ్డలతో సహా డేరాల్లో బతికిన కుటుంబాలవి. కారంత్‌కి వాళ్ళలో తన బాల్యం కనిపించి వుంటుంది.

ఇన్ని పేర్లు చెప్పుకున్నాను గానీ, ఒక ఆడపేరు సరిగా చెప్పలేకపోయానని నాకే వెలితిగా వుంది. ఒక బడినిండా పిల్లలు యేడాదంతా వుంటే రోజూ పొయ్యి వెలగాలి. అక్టోబరులో అన్నేసిమంది దిగితే పక్కలు వేయాలి, పొద్దున్నే కాఫీలు అందాలి. మా అమ్మ రెండు గంగాళాల పులిహోర కూడా మా హాలు శిలాఫలకంమీద లేదు. నాన్నగారి పేరుంది, ప్రారంభించిన పెద్దమనిషి పేరుంది.

మొన్న మా తమ్ముడికి ఫోన్ చేసి, "హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందిరా?" అన్నాను. "ఇప్పుడెందుకే అక్కా?" అన్నాడు. ఎందుకో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎరువులాయన కొడుకు దగ్గర వుండొచ్చన్నాడు. ఆ అబ్బాయిని అడిగితే పంచాయతీవాళ్ళకి ఇచ్చేశానన్నాడట. పంచాయతీలో అడగడానికి వీడు సోమవారం వెళతానన్నాడు.