మదర్ జ్ఞానమ్మ: ఆడపిల్లల కోసం ఊరి నుంచే లేచిన పంతులమ్మ



ఎండాకాలం సెలవులు అయిపోయి హాస్టళ్లు తెరిచే రోజుల్లో మనందరికీ ఒక భయం ఉంటది. ఏప్రిల్‌లో పెట్టె సర్దుకొని ఇంటికి పోయిన చెల్లె జూన్‌లో తిరిగి వస్తదా, రాదా? రాకపోతే ఎందుకు రాలేదో అడగకుండానే తెలుస్తది. పెళ్లి చేసి ఉంటరు, లేదంటే మిరపతోట పనిలో పెట్టి ఉంటరు. ఏటూరునాగారం గూడెమైనా, మహబూబాబాద్ తండా అయినా ఈ కథ మనకు కొత్త కాదు. అందుకే ఈసారి ఆడపిల్లల చదువు కోసం బతికిన ఒక తెలుగు స్త్రీ చరిత్ర రాస్తున్నాం. ఆమె పేరు జ్ఞానమ్మ. కాథలిక్కులు మదర్ జ్ఞానమ్మ అంటారు.

ముందే ఒక మాట. ఇది మతం గురించి రాస్తున్నది కాదు. మన గ్రూపులో సమ్మక్క సారలమ్మకు మొక్కేవాళ్లు, సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు అందరూ ఉన్నారు. ఆమె చేసిన పనిలో మనం నేర్చుకోవలసింది ఉంది కాబట్టి రాస్తున్నాం.

జ్ఞానమ్మ 1822లో గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో పుట్టింది. కొండవీడు కొండలకు దగ్గరి ఊరు అది. ఆమెకు పదేళ్లు వచ్చేసరికి, 1832-33లో, ఆ ప్రాంతాన్ని డొక్కల కరువు పట్టింది. లక్షకు పైగా జనం చనిపోయారు. బతికినవాళ్లలో ఎందరో మద్రాసు దారి పట్టి పోయారు. మద్రాసుకు పడమటి దిక్కున, ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో, కీళచ్చేరి అనే ఊరు ఉంది. గుంటూరు వైపు నుంచి వలసపోయిన తెలుగు కాథలిక్ కుటుంబాలు అక్కడ ఉండేవి. జ్ఞానమ్మ జీవితంలోని పెద్ద పని జరిగింది ఆ ఊళ్లోనే.

ఆమెకు పెళ్లయింది, ఐదుగురు కొడుకులు పుట్టారు. తర్వాత భర్త పోయాడు. ఆ కాలంలో భర్త పోయిన స్త్రీ బతుకు ఎట్లా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లో చట్టమైతే వచ్చింది. అయినా కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించగలిగింది 1881లో. అంటే చట్టం వచ్చిన పాతికేళ్లకు. అట్లాంటి రోజుల్లో, 1863లో, ఐదుగురు కొడుకుల తల్లి అయిన ఈ వితంతువు కీళచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి పెట్టింది. అప్పటికి ఆమెకు సుమారు నలభై ఏళ్లు.

ఆ తేదీని చుట్టుపక్కల తేదీలతో కలిపి చూడండి. సావిత్రీబాయి ఫూలే, జ్యోతిరావు ఫూలే పుణెలో బాలికల బడి పెట్టింది 1848లో. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. అదే 1874లో డిసెంబర్ 21న జ్ఞానమ్మ చనిపోయింది. సావిత్రీబాయి పేరు, వీరేశలింగం పేరు మన పుస్తకాల్లో చదివాం. ఈ ఇద్దరికీ నడుమ కాలంలో పల్లెటూళ్లో బడి నడిపిన ఒక తెలుగు వితంతువు పేరు మాత్రం మనలో చాలామంది వినలేదు.

ఇంకో సంగతి. సెయింట్ ఆన్స్ అనంగనే మన తెలంగాణ వాళ్లకు సికింద్రాబాద్ బడి గుర్తొస్తది. అది 1871లో ఇటలీలోని ట్యూరిన్ నుంచి వచ్చిన సిస్టర్లు మొదలుపెట్టింది. ఆ సిస్టర్ల సంస్థను 1834లో బరోలో ప్రభువు, ఆయన భార్య జూలియా కోల్‌బెర్ట్ కలిసి స్థాపించారు. పెద్ద భవంతి, ఆస్తి ఉన్న దంపతులు. జైల్లో ఉన్న ఆడవాళ్ల కోసం, పేద పిల్లల చదువు కోసం ఆస్తి ఖర్చుపెట్టారు. జ్ఞానమ్మ సంస్థ పేరులో కూడా సెయింట్ ఆన్ ఉంది. మరియమ్మ తల్లి పేరు అది. పేరు ఒకటే గానీ మూలం వేరు. జ్ఞానమ్మకు భవంతి లేదు, వేరే దేశం నుంచి వచ్చిన మనిషీ కాదు. ఆమెకు ఉన్నది ఊరి భాష, ఊరి మనుషులతో ఉన్న బంధుత్వం. తనతో కలిసి పనిచేసే మరికొందరు స్త్రీలను పోగుచేసుకుంది. ఆ గుంపే సిస్టర్ల సంస్థగా ఎదిగింది. ఈ రోజు మద్రాసులో, ఫిరంగిపురంలో ఉన్న రెండు సెయింట్ ఆన్ సంస్థలు ఆమెనే తమ స్థాపకురాలిగా చెప్పుకుంటాయి. 2014లో కాథలిక్ సంఘం ఆమెకు దైవసేవకురాలు అనే బిరుదు ఇచ్చింది.

ఊరి ఆడమనిషే పంతులమ్మ కావడం ఎందుకంత ముఖ్యం? ఆ రోజుల్లో మగ పంతులు దగ్గరికి కూతుర్ని పంపే ఇల్లు చాలా అరుదు. తమలో ఒకతె, తమ భాష మాట్లాడే పెద్దామె బడి నడిపితే తల్లికి ధైర్యం. 1901 నాటికి కూడా దేశంలో ఆడవాళ్లలో నూటికి ఒక్కరు కూడా అక్షరం నేర్వలేదు. దానికి నలభై ఏళ్ల ముందే ఆమె మొదలుపెట్టిందంటే ఎంత గట్టి మనసో ఆలోచించండి.

ఇదే సూత్రం మన ఆదివాసీ చరిత్రలోనూ ఉంది. 1940ల్లో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించాడు, గోండి భాషలో వాచకాలు రాయించాడు. ఊరి పిల్లలకు ఊరివాడే చదువు చెప్పాలన్నదే అక్కడా ఆలోచన.

తర్వాత 2000 సంవత్సరంలో జీవో నంబర్ 3 వచ్చింది. ఏజెన్సీ ప్రాంతపు బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు స్త్రీలకు అని ఆ జీవో చెప్పింది. మన అక్కలు ఎందరో ఆ జీవోతోనే పంతులమ్మలయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు ఉన్నయి, కానీ ముందుకు పోయే దారి మూసుకుపోయింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజన స్త్రీల అక్షరాస్యత 49.35 శాతం, పురుషులది 68.53. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలది అంతకన్నా తక్కువే. కస్తూర్బా విద్యాలయాలు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వచ్చినయి, మంచిదే. కానీ సెలవుల తర్వాత రాని చెల్లెను వెతుక్కుంటూ గూడేనికి పోయి, వాళ్ల అమ్మతో కోయలోనో లంబాడీలోనో మాట్లాడి, తిరిగి తోలుకొచ్చే మనిషి ఎవరు? బిల్డింగు ఆ పని చేయలేదు. ఊరి పంతులమ్మ చేస్తది.

మనలో బీఎడ్, డీఎడ్ చదువుతున్న అక్కచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. స్థానిక టీచర్ల హక్కు కోసం చట్టబద్ధమైన కొత్త దారి అడగాల్సిన బాధ్యత మనందరిది. ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా, ఈ సెలవుల్లో సాయంత్రం గంట సేపు గూడెం పిల్లలను కూర్చోబెట్టి చదివించవచ్చు. జ్ఞానమ్మ కూడా ఒక్క ఊళ్లో, ఒక్క బడితోనే మొదలుపెట్టింది.

చివరగా ఒక పని. మీ గూడెంలో, మీ తండాలో మొదట పదో తరగతి పాసైన ఆడపిల్ల ఎవరో పెద్దలను అడగండి. ఆమె పేరు మీ నోట్‌బుక్కులో రాసిపెట్టండి. ఇంకా ఎవరూ పాస్ కాలేదంటే, ఆ మొదటి అమ్మాయి ఎవరు కావాలో ఈ జూన్‌లోనే అందరం కలిసి ఆలోచిద్దాం.