యార్డు గేటు దాటే హక్కు

హైదరాబాద్ వదిలించుకున్న సరుకులో ఎక్కువ భాగం ఉత్తరానికే చేరుతుంది. ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలు మేడ్చల్ పక్కనున్న దుండిగల్‌కి, ఇళ్ల చెత్త జవహర్‌నగర్‌కి. జవహర్‌నగర్ ఒకప్పుడు శామీర్‌పేట మండలంలోని ఊరు. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది సుమారు 350 ఎకరాల డంపింగ్ యార్డు. రెండుచోట్లా గేట్లున్నాయి, కాపలా ఉంది. అయినా ప్రభుత్వ తనిఖీ అధికారిని గేటు దగ్గర ఆపే అధికారం ఎవరికీ లేదు.

గేటు దాటే ఈ హక్కు మూలాలు పాతవే. ఇంగ్లండ్‌లో 1863 నాటి ఆల్కలీ చట్టం రసాయన కర్మాగారాల్లోకి ఇన్‌స్పెక్టర్లను పంపింది. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టాలు మొదట కార్మికుల కోసం తలుపులు తెరిపించాయి. బయటికి పారే మురికి కోసం తెరిపించింది మాత్రం 1974 నాటి జల కాలుష్య చట్టం. దాన్ని అమలు చేయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1976 జనవరిలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది.

ఆ చట్టంలోని 23వ సెక్షన్ మండలి అధికారికి ఏ సమయంలోనైనా, ఏ ప్రదేశంలోకైనా వెళ్లే హక్కు ఇచ్చింది. ఇళ్లలో ఉండి, ఇంటి అవసరాలకే వాడే బావుల విషయంలోనే వేళాపాళా చూడమంది. 1981 నాటి వాయు కాలుష్య చట్టం, భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం అంత ధైర్యం చేయలేదు. రెండూ ‘సహేతుకమైన వేళల్లో’ అన్నాయి. మూడు షిఫ్టులు నడిచే చోట ఏ వేళ సహేతుకం? పని రాత్రి జరుగుతుంటే తనిఖీకి రాత్రే సరైన వేళ. శివారు వాగుల్లో, నాలాల్లో ట్యాంకర్లు రసాయన జలాలు వదిలేది చీకట్లోనే అని ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు.

లోపలికి వెళ్లినంత మాత్రాన పని పూర్తికాదు. నమూనా తీస్తున్నట్టు అక్కడికక్కడే నోటీసివ్వాలి, యజమాని ఎదుట దాన్ని రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఈ క్రమం తప్పితే సాక్ష్యం పోతుంది. 1986లో ఢిల్లీ బాట్లింగ్ కంపెనీ కేసులో జరిగింది అదే. విశ్లేషణ చట్టం చెప్పిన పద్ధతిలో జరగలేదని ఢిల్లీ హైకోర్టు ఆ నివేదికను ఒప్పుకోలేదు. సీసా మీద సంతకం లేకపోతే అధికారి వెళ్లీ వెళ్లనట్టే.

1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాక కాగితమూ తనిఖీలో భాగమైంది. లారీ వెంట మ్యానిఫెస్ట్, అంటే వ్యర్థాల వివరాల పత్రం, వెళ్లాలి. 2016 నిబంధనల్లో దానికి ఏడు రంగుల ప్రతులు. 2001లో మొదలైన దుండిగల్ కేంద్రంలో లెక్క సరిచూడాలంటే వ్యర్థాలు పూడ్చే గొయ్యితో పాటు ఈ ప్రతులూ చూడాలి. ఫ్యాక్టరీ పంపానన్నది ఇక్కడికి చేరకపోతే, మధ్యలో ఎక్కడ దిగిందో వెతకాల్సిందే.

జవహర్‌నగర్ కథ వేరు. అక్కడ చెత్త నగరపాలక సంస్థది. 2000లో వచ్చిన మున్సిపల్ చెత్త నిబంధనలతో మున్సిపాలిటీ కూడా మండలి అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. ఒక ప్రభుత్వ విభాగం మరో విభాగాన్ని తనిఖీ చేయాలన్నమాట. ఇలాంటిచోట ప్రవేశ హక్కు ఎంత బలంగా ఉన్నా చర్య దగ్గరికి వచ్చేసరికి నీరసిస్తుంది. యార్డు నుంచి దిగిన నల్లటి లీచేట్, అంటే చెత్త ఊట, మల్కారం చెరువును పాడుచేసింది. చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి రోడ్డెక్కారు, విషయం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

2014 తర్వాత గాలి మారింది. వ్యాపార సౌలభ్య సంస్కరణలు ఏ యూనిట్‌కి ఏ అధికారి వెళ్లాలో కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచాలన్నాయి, ఒకే అధికారి వరుసగా రెండుసార్లు వెళ్లకూడదన్నాయి, నివేదికను 48 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలన్నాయి. లంచాలకు ఇది కొంత అడ్డుకట్టే. కానీ ఒకే యార్డును పదేపదే చూసి దాని పోకడ పసిగట్టే అధికారి ఇందులో తయారుకాడు. ఆ నష్టం చిన్నది కాదు. ఇక 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ చట్టం ఉల్లంఘనలకు మొదటి శిక్ష జైలు కాదు, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా.

గేటు బయట ముక్కు మూసుకుని బతికేవాళ్లకు 23వ సెక్షన్ హక్కు లేదు. అయితే జల చట్టం కింద మండలి నిర్వహించే అనుమతుల రిజిస్టర్‌ను ప్రభావితులు ఎవరైనా చూడవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం మరో అడుగు ముందుకేసి, ప్రభుత్వ సంస్థ అధీనంలోని పనులను పరిశీలించే హక్కు, అక్కడి పదార్థాల ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు పౌరుడికి ఇచ్చింది. జవహర్‌నగర్ వాసులు తమ చెరువు నీటి తనిఖీ నివేదికలతో పాటు యార్డు పరిశీలనకూ ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.